ఆ ప్రయాణం మీ ఒక్కరిదే కాదు

ప్రశ్న: నా వయసు 33. మాది కర్నూలు. మావారికి బెంగళూరులో మంచి ఉద్యోగం రావడంతో పోయినేడు అందరం ఇక్కడికి వచ్చేశాం. ఆయన ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో, ఐటీపీఎల్ టెక్ పార్కు దగ్గర. అందుకని అక్కడికి దగ్గర్లోని కాడుగోడిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. తర్వాత నాకు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం దొరికింది. పొద్దున ఏడింటికి బయల్దేరితే రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరుతున్నాను. వచ్చేసరికి ఒళ్లు హూనమైపోతుంది. చిన్న మాటకే అరుస్తున్నాను. ఒకటో తరగతి చదివే పాపను మొన్న హోంవర్క్ దగ్గర కొట్టాను. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. మాతోనే ఉండే అత్తయ్య ‘అంత కష్టపడి సంపాదించకపోతే ఏం, మానెయ్’ అంటారు. మావారిదీ అదే మాట. పైగా హొసకోటెలో ఫ్లాట్ చవగ్గా వస్తోంది, బుక్ చేద్దాం అంటున్నారు. కర్నూల్లో ఇంటి లోన్ ఇంకా తీరలేదు. ఉద్యోగం మానేయాలా? అసలు నాకే ఓర్పు తక్కువా? – ఒక సోదరి, బెంగళూరు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. మీకు ఓర్పు తక్కువేం కాదు. ఆఫీసు పని కాక రోజూ నాలుగు గంటలు ఆ రోడ్ల మీద గడిపి వచ్చిన మనిషి ఎవరైనా అలాగే ఉంటారు. బెంగళూరుకు కొత్తగా వచ్చి నా దగ్గరికి వచ్చే మన తెలుగు కుటుంబాల్లో చాలామంది ‘ఆయన మారిపోయాడు’, ‘ఆవిడ మారిపోయింది’ అనే మొదలుపెడతారు. రోజు ఎలా గడుస్తుందో గంట గంటకూ చెప్పమంటే, సగం కథ సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లోనో మారతహళ్లి బ్రిడ్జి దగ్గరో తేలుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది. ఇల్లు ముందు మీవారి ఆఫీసును బట్టి తీసుకున్నారు, మీ ఉద్యోగం తర్వాత వచ్చింది. అందులో ఎవరి తప్పూ లేదు. కానీ మీకు ఉద్యోగం వచ్చిన రోజున ఇంట్లో అందరూ కూర్చుని లెక్క మళ్లీ వేసుకోవాల్సింది. అది జరగలేదు. కాడుగోడి ఇల్లు అలాగే ఉండిపోయింది, ఎలక్ట్రానిక్ సిటీ దూరం మాత్రం మీ సొంత సమస్య అయిపోయింది. ఇప్పుడు అందరూ మీ ఉద్యోగం గురించే మాట్లాడుతున్నారు, ఇంటి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నా సలహా అంతా దీని చుట్టూనే. ముందు ఇంటి సంగతి తేల్చండి. ఉద్యోగం సంగతి తర్వాత.

మీ దారి నిజంగానే కష్టమైన దారి. అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్తే బెళ్లందూరు, సిల్క్ బోర్డు దాటాలి. వర్తూరు, గుంజూరు వైపు నుంచి సర్జాపుర రోడ్డు ఎక్కుదామంటే అవి ఒకప్పటి ఊళ్ల రోడ్లు. ఎదురుగా ఒక నీళ్ల ట్యాంకర్ ఆగిందంటే వెనక బండ్లన్నీ ఆగిపోతాయి. మెట్రోలో వెళ్దామంటే పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా, అక్కడ గ్రీన్ లైన్ మారి ఆర్‌వీ రోడ్ దాకా, మళ్లీ యెల్లో లైన్ ఎక్కి ఎలక్ట్రానిక్ సిటీకి, అంటే ఊరి మధ్యకు వెళ్లి మళ్లీ బయటికి రావాలి. సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం దాకా రింగ్ రోడ్డు వెంబడి బ్లూ లైన్ కడుతున్నారు కదా, అది వస్తే తీరిపోతుంది అని మీవారు అనవచ్చు. రానివ్వండి, మంచిదే. కానీ రాబోయే మెట్రోను నమ్ముకుని ఈ ఏడాది బతుకును పణంగా పెట్టకండి.

దూరం కన్నా ఎక్కువగా మనిషిని తినేసేది ఇంకొకటుంది. ఎప్పుడు చేరతామో తెలియకపోవడం. ఒకరోజు గంటన్నరలో చేరతారు, వాన పడిన రోజు రెండున్నర గంటలైనా చాలదు. దాంతో దారి పొడవునా చూపు గడియారం మీదే ఉంటుంది. పాప తిందో లేదో, అత్తయ్య ఏమంటారో, ఇంటికెళ్లాక కుక్కర్ ఎప్పుడు పెట్టాలో అని టెన్షన్. ఒళ్లు సీటులో ఉంటుంది గానీ మనసు అప్పటికే వంటింట్లో చాకిరీ చేస్తుంటుంది.

అందుకే మొదటి మార్పు ఈ వారమే ఇంట్లో జరగాలి. మీవారి ఆఫీసు ఇంటికి దగ్గర. మీకన్నా ఆయన చాలా ముందే ఇంట్లో ఉంటారు కదా? అయితే సాయంత్రం ఆయనది. పాప హోంవర్క్, అన్నం పొయ్యి మీద పెట్టడం, మర్నాటి స్కూల్ బ్యాగు సర్దడం, ఇవన్నీ మీరు తలుపు తెరిచేసరికి అయిపోయి ఉండాలి. దీన్ని ‘సాయం’ అని అడగకండి. ‘నాకు నాలుగు గంటలు రోడ్డు మీదే పోతున్నాయి. మీకు మిగిలిన టైమ్‌లో ఈ మూడు పనులు మీవి’ అని తేటగా చెప్పండి. రాత్రి ఇల్లు చేరగానే చెప్పకండి. అప్పుడు ఏం మాట్లాడినా గొడవే అవుతుంది. శనివారం పొద్దున కాఫీ దగ్గర చెప్పండి.

ఇంటికి రాగానే ఓ ఇరవై నిమిషాలు మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగకూడదని కూడా చెప్పుకోండి. మొహం కడుక్కుని, చీరో డ్రెస్సో మార్చుకుని, వేడిగా ఏదైనా తాగి, ఆ తర్వాతే పాప దగ్గరికి వెళ్లండి. పాపకూ ముందే చెప్పి ఉంచితే గడియారంలో పెద్ద ముల్లు ఎక్కడికి రావాలో తనే చూసి చెబుతుంది. పిల్లలకు ఇలాంటి నియమాలు ఇష్టమే.

ఇక ఇల్లు. ‘ఇద్దరికీ మధ్యలో తీసుకుందాం’ అనగానే అందరూ మ్యాప్ చూసి సర్జాపుర రోడ్డో బెళ్లందూరో అంటారు. అక్కడే దెబ్బ తింటారు. అటు వైట్‌ఫీల్డ్‌కైనా ఇటు ఎలక్ట్రానిక్ సిటీకైనా అక్కణ్నుంచి మెట్రో లేదు, ఇద్దరూ రోడ్డు మీదే పడాలి. కిలోమీటర్లను పక్కన పెట్టి, ఎన్ని నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాలు రోజూ అంతేనా అని చూసుకోండి. 2025 ఆగస్టులో ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్రకు యెల్లో లైన్ మొదలైంది. మొదట్లో మూడే రైళ్లు, ఇరవై అయిదు నిమిషాలకు ఒకటి వచ్చేది, ఆ తర్వాత పెరిగాయి. జయనగర్, రాగిగుడ్డ వైపు, ఆర్‌వీ రోడ్ స్టేషన్‌కు దగ్గర్లో చిన్న ఇల్లు దొరికితే మీకు ఎలక్ట్రానిక్ సిటీకి ఒక్క రైలు చాలు. మీవారు గ్రీన్ లైన్‌లో మెజెస్టిక్ వెళ్లి, అక్కడ పర్పుల్ లైన్ మారి, ఐటీపీఎల్ పక్కనే ఉన్న పట్టందూరు అగ్రహార స్టేషన్‌లో దిగాలి. ఆయన ప్రయాణం పెరుగుతుంది, గంట దాటుతుంది. అద్దె కూడా ఎక్కువే, ఇల్లు ఇరుకు అవుతుంది. అయినా ఇది ఇంట్లో పెట్టి మాట్లాడాల్సిన విషయమే. ఒకరు పదిహేను నిమిషాలు, ఇంకొకరు రెండు గంటలు అన్న పద్ధతి కన్నా ఇద్దరూ రైల్లో గంట లోపో, కాస్త అటూ ఇటూగానో వెళ్లే పద్ధతి సంసారానికి మంచిదని నా నమ్మకం.

ఇల్లు చూడటానికి మాత్రం ఆదివారం వెళ్లకండి. ఆదివారం బెంగళూరు వేరే ఊరు. ఇల్లు నచ్చితే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక మంగళవారమో బుధవారమో ఆ వీధి నుంచే ఇద్దరూ ఆఫీసులకు వెళ్లి, సాయంత్రం మళ్లీ ఆ వీధికే రండి. స్టేషన్ నుంచి ఇంటికి రాత్రి పూట నడిచి చూడండి. లైట్లు ఉన్నాయా, ఫుట్‌పాత్ ఉందా, ఆటోవాడు ఆ కాస్త దూరానికి వస్తాడా? చాలామంది లెక్కలో ఈ చివరి కిలోమీటరు ఉండదు.

ఇల్లు మారడం అసలు కుదరదంటే ఇంకో దారి ఉంది. వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల మీ పనికి సరిపడే కంపెనీలు చాలానే ఉంటాయి. చేస్తున్న ఉద్యోగం వదలకుండానే వెతకడం మొదలుపెట్టండి. ఈలోగా మీ మేనేజర్‌ను టైమింగ్ మార్చమని అడగండి. పొద్దున ఏడున్నరకల్లా ఆఫీసులో ఉండి నాలుగింటికి బయటపడితే ప్రయాణం ఎంతో కొంత తగ్గుతుంది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని దొరికినా ఊపిరి తీసుకోగలుగుతారు. ‘నాకు కష్టంగా ఉంది’ అంటే జాలిపడి ఊరుకుంటారు. ఏ రోజులు, ఏ గంటలు, పని ఎలా నడుస్తుంది అని కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇవన్నీ చేసి చూశాక కూడా మానేయాలనిపిస్తే మానేయండి, అందులో తప్పులేదు. ఆ నిర్ణయం మాత్రం మీరు నిద్ర చాలిన మనిషిగా తీసుకోవాలి. ఇప్పుడు మానేస్తే, అలసట తీరిన రెండో నెలలోనే కర్నూలు లోన్ వాయిదా గుర్తొస్తుంది. మీ ఉద్యోగం ఎవరి మాట మీద పోయిందన్న ప్రశ్న కూడా వస్తుంది.

హొసకోటె ఫ్లాట్ మీద ఇప్పుడు సంతకం పెట్టవద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. అది కాడుగోడి కన్నా మీకు ఇంకా దూరం, అక్కడికి మెట్రో లేదు. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రే జర్మనీలో ఏళ్ల తరబడి సేకరించిన కుటుంబాల వివరాలు చూసి 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. మంచి జీతమో మంచి ఇల్లో దూరానికి పరిహారం అవుతుందని మనం అనుకుంటాం. కానీ ప్రయాణం పెరిగేకొద్దీ జనం తమ జీవితం మీద తృప్తి తగ్గిందనే చెప్పారు. అద్దె ఇల్లయితే నోటీసు ఇచ్చి వదిలేయవచ్చు, ఇరవై ఏళ్ల ఈఎమ్‌ఐని వదలలేరు. పైగా బెంగళూరులో ఉద్యోగాలు మారినంత త్వరగా ఇళ్లు మారలేం.

పాపను కొట్టిన సంగతి. దాన్ని మనసులో పెట్టుకుని కుమిలిపోకండి, అలాగని మరిచిపోనూ వద్దు. పక్కన కూర్చోబెట్టుకుని ‘అమ్మ అలసిపోయి కొట్టింది, నీ తప్పేం లేదు, అమ్మ కొట్టకూడదు’ అని చెప్పండి. హోంవర్క్ ఇకపై మీ డ్యూటీ కాదు. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని ట్రాఫిక్ ఖాతాలో వేసి ఊరుకోకండి, డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అత్తయ్య గారి మాటలో నాకు కోపం కన్నా భయం కనిపిస్తోంది. కోడలు రాత్రి ఎనిమిదిన్నర దాకా రోడ్డు మీద ఉంటే పెద్దావిడకు కంగారు ఉండదా? ఇల్లు మారే మాట ఆవిడతో ముందే అనండి. కాడుగోడిలో ఆవిడకు తెలుగు మాట్లాడే తోడు, సత్యసాయి బృందావన్ ఆశ్రమంలో భజనలు అలవాటై ఉంటే వాటిని వదిలి రావడం ఆవిడకూ కష్టమే. చూడబోయే ఇంటికి ఆవిడను వెంట తీసుకెళ్లండి. లిఫ్ట్ ఉందా, గుడి దగ్గరేనా, పార్కులో కూర్చోవడానికి బెంచీ ఉందా అన్నది ఆవిడ చూస్తారు. ఇక్కడి స్కూళ్లలో వచ్చే ఏడాది అడ్మిషన్లు చాలా ముందే మొదలవుతాయి కాబట్టి పాప స్కూల్ సంగతీ, ఇంటి ఓనరుకు ఎన్నాళ్ల ముందు నోటీసు ఇవ్వాలన్నదీ ఈ నెలలోనే కనుక్కోండి. సాధారణంగా అగ్రిమెంటు పదకొండు నెలలకే ఉంటుంది, మీది ఎప్పుడు అయిపోతుందో ఒకసారి తీసి చూడండి.