సైకిల్ కార్బన్ హ్యాండిల్ బార్ కోసే ముందు మా చిన్నోడికి

చిన్నోడికి విజయవాడ నుంచి పెదనాన్న ఆశీస్సులు.

"రేపు పొద్దున్నే సైకిల్ హ్యాండిల్ బారు కోసేస్తా పెదనాన్నా" అని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రేపు మాత్రం కోయకు. 780 మిల్లీమీటర్ల వెడల్పు బారుతో గుంటూరు బ్రాడీపేట సందుల్లో ఆటోల పక్క నుంచి దూరడం కష్టమే, నీ ఇబ్బంది నాకు తెలుసు. కొండవీడు ఎక్కి దిగేసరికి భుజాలు పీకేస్తున్నాయని కూడా అన్నావు. కంపెనీవాళ్లు బారును వెడల్పుగా చేసి పంపేదే ఎవరి కొలతకు వాళ్లు కోసుకోమని. చాలా బార్లకు చివర్లో కోత గీతలు వేసే ఉంటాయి. అయితే ఎంతకు తగ్గించవచ్చో బారుతో వచ్చిన కాగితంలో ఉంటుంది, ముందు అది చదువు. అంతకన్నా తగ్గించకు.

కోయకుండానే కొత్త వెడల్పు ఎలా ఉంటుందో చూసే దారి ఉంది. నీ గ్రిప్పుల చివర్లు తెరిచి ఉంటే ముందు బ్రేకు, గేరు లీవర్లను లోపలికి జరిపి, తరవాత గ్రిప్పులను ఒక్కో వైపు 10 మిల్లీమీటర్లు జరుపు. బయటికి మిగిలిన బారు చివరకు బిరడా తప్పకుండా పెట్టు. ఒక వారం అలా తొక్కు. చాలకపోతే ఇంకో 10 జరుపు. బారు ఇరుకైనకొద్దీ ముందు చక్రం పక్కలకు చురుగ్గా తిరుగుతుంది, రాళ్ల మీద పట్టు కొంచెం తగ్గుతుంది. అది నీ చేతులకే తెలియాలి, నేను చెబితే తెలిసేది కాదు.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. బారు చివర్లో 22.2 మిల్లీమీటర్ల వ్యాసం, మధ్యలో 31.8 గానీ 35 గానీ ఉంటుంది. లీవర్లను లోపలికి జరుపుతూ పోతే ఒకచోట బారు లావెక్కి క్లాంపు పట్టదు. కోశాక ఆ సంగతి తెలిస్తే ఏం లాభం?

ముప్పై ఏళ్లు ఆటోనగర్లో ఇనుము కోసినవాణ్ణి కదా, నా మొదటి కార్బన్ బారును కూడా ఇనప గొట్టం లాగే చూశాను. గొట్టాలు కోసే కట్టర్ బిగించి చుట్టూ తిప్పాను. ఆ కట్టర్ కోయదు, నొక్కుతుంది. ఇనుము ఆ నొక్కుడుకు తట్టుకుంటుంది గానీ, కార్బన్ అంటే పోగుల మీద పోగులు పేర్చి జిగురుతో గట్టిపరిచిన పొరలు. లోపలి పొర చిట్లింది. బయటికి వెంట్రుకంత గీతే కనిపించింది, అయినా ఆ బారును పక్కన పడేశాను. ఇనుమైతే వెల్డింగ్ పెట్టుకుందును. నీకు ఆ నష్టం రాకూడదనే ఇంత పొడుగు ఉత్తరం.

హ్యాక్సాకు అంగుళానికి 32 పళ్లున్న కొత్త బ్లేడు వెయ్యి. పళ్ల బదులు గరుకు పూత ఉన్న కార్బన్ బ్లేడు దొరికితే ఇంకా మంచిది. కోసేచోట మాస్కింగ్ టేపు రెండు చుట్లు చుట్టు. తిన్నటి అంచున్న కాగితం పట్టీని టేపు మీద చుట్టి, దాని అంచులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చూసి పెన్సిలుతో గీత గియ్యి. గీత వంకర పోదు. బారును నేరుగా వైసులో బిగించకు, నలిగిపోతుంది. బ్లేడు తిన్నగా నడవడానికి సందున్న కోత గైడును వైసులో బిగించి, బారును గైడులో దూర్చు.

బ్లేడును నొక్కకు, దాని బరువుతోనే తెగనివ్వు. ఒకే వైపు నుంచి ఆఖరిదాకా కోస్తే చివరి పోగులు చీలికలై లేస్తాయి. కొంత కోశాక బారును తిప్పి ఇంకో వైపు నుంచి కొయ్యి. ఆఖర్లో ముక్క తనంతట తాను విరిగి పడకుండా చేత్తో పట్టుకో. బారు మొదటి చివర తెగిన ముక్కను పారెయ్యకు, రెండో చివర కొలతకు అదే ఆధారం.

కార్బన్ దుమ్ము గురించి ఒక్కసారి చెబుతాను, గట్టిగా గుర్తుపెట్టుకో. గుంటూరులో పుట్టినవాడివి, మిర్చి యార్డులో ముక్కుకు గుడ్డ లేకుండా నిలబడితే ఏమవుతుందో నీకు తెలుసు. మిర్చి ఘాటు వెంటనే హెచ్చరిస్తుంది. ఈ దుమ్ముకు ఘాటు ఉండదు, తెలియకుండానే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చర్మంలో గుచ్చుకుని దురద పెడుతుంది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, గ్లవుజులు పెట్టుకుని ఆరుబయట కొయ్యి. కోత మీద నీళ్లు చిలకరిస్తూ ఉండు. తరవాత తడిగుడ్డతో తుడువు, ఊదకు. మీ అమ్మ వంటగది దరిదాపుల్లో మాత్రం వద్దు.

తెగిన అంచును 400 నంబరు వాటర్ పేపరుతో, నీళ్లు తగిలిస్తూ, బయటి నుంచి రంధ్రం వైపు ఒకే దిక్కున రుద్దు. వెనక్కి లాగితే పోగులు లేస్తాయి. ఆరాక ఫెవిక్విక్ పల్చగా రాస్తే చాలు. పొరల మధ్య సందుగానీ గీతగానీ కనిపిస్తే ఆ బారు ఎక్కకు, ముందు నాకు ఫోటో పంపు.

బిగించేటప్పుడు స్టెమ్ మీద, అంటే బారును పట్టి ఉంచే భాగం మీద, రాసి ఉన్న బిగింపు అంకె దాటకు. చాలావాటిపై 5 న్యూటన్ మీటర్లని ఉంటుంది. నీ దగ్గర బిగింపును కొలిచే టార్క్ రెంచి లేదుగా, చేతి అంచనాతో బిగించకు. చివరి బిరడాలు పెట్టకుండా గేటు కూడా దాటొద్దు. పడ్డప్పుడు తెరిచి ఉన్న గొట్టం కడుపులో దిగబడితే జరిగే నష్టం మామూలుది కాదు.

అసలు ఇదంతా ఒక్కడివే ఎందుకు? వారం తొక్కి చూశాక ఆదివారం బారు తీసుకుని రైల్లో వచ్చెయ్. బ్లేడు, రెంచి నా దగ్గరున్నాయి. గైడు నేను తెప్పించి పెడతాను. పొద్దున్నే వస్తే ఎండ ముదిరేలోపు పనైపోతుంది.

పెదనాన్న