ఫిరంగి వేగం ఎక్కడ ఆగింది, ఎలా దాటారు?

అడిగిన ప్రశ్న ఇది: "1940లో యుద్ధవిమానాల 20 మి.మీ. ఫిరంగి నిమిషానికి 600 తూటాలు పేల్చేది. 1945 నాటికి జర్మన్ల దగ్గర 1,200 పేల్చే నమూనా ఉంది. గట్టి స్ప్రింగు పెట్టి బోల్టును ఇంకాస్త త్వరగా ఆడిస్తే సరిపోయేది కదా, కొత్త యంత్రాంగం ఎందుకు?"

సరిపోదు. బోల్టు అంటే గొట్టం వెనక ముందుకూ వెనక్కూ ఆడే ఉక్కు దిమ్మ. బ్రిటన్ విమానాల్లో వాడిన హిస్పానో ఫిరంగినే తీసుకోండి. దాని తూటా పొడవు దాదాపు 18 సెంటీమీటర్లు. బోల్టు అంతకంటే కాస్త ఎక్కువ వెనక్కి పోయి తూటా పేలాక మిగిలే ఖాళీ తొడుగును బయటికి లాగాలి, మళ్లీ ముందుకొచ్చి కొత్త తూటాను ఛాంబర్‌లోకి, అంటే అది పేలే గదిలోకి నెట్టాలి. రానూపోనూ 40 సెంటీమీటర్ల పైమాటే. నిమిషానికి 600 అంటే ఇదంతా సెకనులో పదోవంతులో అయిపోవాలి. 1,200 కావాలంటే బోల్టు వేగం రెట్టింపు కావాలి, అప్పుడు అది ఆగేచోట కొట్టే దెబ్బ నాలుగింతలవుతుంది. తొడుగు అంచు తెగుతుంది, దాన్ని లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం విరుగుతుంది, తూటాలను అందించే బెల్టు ఆ ఊపును అందుకోలేదు. హిస్పానో మార్క్ 5 వరకు ఎంత సానపట్టినా 750 దగ్గరే ఆగింది.

బెల్టు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఫిరంగి జామైందంటే మొదట చూడాల్సింది తూటాలు వచ్చే దారినే. 1940లో బ్రిటన్ 19వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలకు హిస్పానోలు బిగించారు. ఆ ఫిరంగిని అసలు ఇంజన్ దిమ్మ మీద గట్టిగా కూర్చోబెట్టడానికి తయారుచేశారు. బెల్టుకు బదులు వాడిన 60 తూటాల డ్రమ్ము డబ్బా పలచటి రెక్కలో పట్టక దాన్ని పక్కకు పడుకోబెట్టారు. మలుపు తిరిగేటప్పుడు రెక్క వంగేది, ఖాళీ తొడుగు సరిగా బయటపడేది కాదు, ఫిరంగి మూగబోయేది. చివరికి ఆ విమానాలు వెనక్కిచ్చేసి మెషిన్‌గన్లున్నవే తెచ్చుకున్నారు. బెల్టు ఫీడు వచ్చాకే హిస్పానో నమ్మదగిన ఆయుధమైంది.

జర్మన్లు ముందు వేరే దారి పట్టారు. రైన్‌మెటాల్ ఎం.కె.108 ఫిరంగి 30 మి.మీ.ది, బరువు 60 కిలోల లోపే. బోల్టు ఇంకా ముందుకు వస్తుండగానే తూటా పేలుతుంది కాబట్టి బోల్టును బిగించి పట్టే బరువైన లాకింగ్ భాగాలతో పనిలేదు. కాల్చే వేగం నిమిషానికి 650 గుండ్లు. నాలుగు గుండ్లు తగిలితే పెద్ద బాంబర్ కూలుతుందని వాళ్ల అంచనా. గొట్టం పొట్టిది కావడంతో గుండు సెకనుకు 540 మీటర్ల వేగంతోనే బయల్దేరేది. 500 మీటర్లు దాటడానికి సెకను పైనే పట్టేది, ఈలోపు గుండు 5 మీటర్లకు పైగా కిందికి జారేది. మె-262 లాంటి జెట్‌కు గురి కుదిరేదే ఒకటి రెండు సెకన్లు. ఆ కొద్ది వ్యవధిలో ఎక్కువ గుండ్లు, అవీ వేగంగా వెళ్లేవి పంపాలన్న ఒత్తిడే మౌజర్ కంపెనీని రివాల్వర్ వైపు, అంటే ఛాంబర్ల డ్రమ్ము తిరిగే పద్ధతి వైపు నడిపింది.

మౌజర్ ఫిరంగి ఎం.జి.213లోని ఆలోచన నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా అందమైనదిగా తోస్తుంది. గొట్టం ఒక్కటే, దాని వెనక తిరిగే డ్రమ్ములో ఛాంబర్లు అనేకం. ఐదు ఛాంబర్లున్నచోట ప్రతి తూటాకూ డ్రమ్ము 72 డిగ్రీలు తిరుగుతుంది. ఒక ఛాంబర్ పేలుతుంటే మరోదాంట్లోకి తూటా దిగుతుంటుంది, ఇంకోదాంట్లోంచి ఖాళీ తొడుగు బయటికి పోతుంటుంది. నెట్టడం కూడా ఒక్క ఊపులో కాదు, దఫాలుగా. అంటే ఏ భాగాన్నీ విపరీతంగా పరిగెత్తించలేదు, వరసగా జరిగే పనులను పక్కపక్కనే జరిపించారు. అది యుద్ధంలో వాడకానికి రాకముందే జర్మనీ ఓడిపోయింది. బ్రిటన్ ఏడెన్, ఫ్రాన్స్ డెఫా, అమెరికా ఎం39 మూడూ ఆ నమూనా నుంచి పుట్టిన ఫిరంగులే.

చిక్కులూ ఉన్నాయి. డ్రమ్ముకూ గొట్టానికీ మధ్య సందు తప్పదు. అక్కడ సీలు అరిగితే వేడి వాయువు లీకై చుట్టూ లోహాన్ని తినేస్తుంది. ఎక్కువసేపు కాల్చి ఆపితే వేడెక్కిన ఛాంబర్లలో మిగిలిన తూటా దానంతటదే పేలే ప్రమాదం ఉంది. మూతి దగ్గర వచ్చే పొగ ఇంజన్లోకి పోతే గాలిని కుదించే కంప్రెసర్ తడబడుతుంది. 1953లో కొరియాలో కొత్త 20 మి.మీ. ఫిరంగులతో పరీక్షించిన అమెరికా సేబర్ జెట్లకూ, బ్రిటన్ మొదటి హంటర్ జెట్లకూ ఇదే జరిగింది. హంటర్‌లో బయటికి వదిలిన లింకులు (బెల్టులో తూటాలను కలిపే కొక్కేలు) విమానం పొట్టను కొడుతున్నాయని, వాటిని పట్టుకోవడానికి కింద రెండు బుడిపెలు అమర్చారు.

మన వాయుసేన హంటర్లలో ఉండేవి నాలుగు ఏడెన్లు. 1971 డిసెంబర్‌లో రాజస్థాన్‌లోని లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల మీద రాకెట్లతోపాటు పనిచేసినవి ఇవే. ఒక్కో ఫిరంగి సెకనుకు 20 పేలుస్తుంది, గరిష్ఠంగా 150 తూటాలు పడతాయి, అంటే మీట వదలకపోతే ఏడెనిమిది సెకన్లలో ఖాళీ. అందుకే ఫిరంగులు, తూటాలు కలిపి ఒకే పెట్టెగా కిందికి దించి, నింపి ఉంచిన మరో పెట్టె ఎక్కించే ఏర్పాటు చేశారు. గొట్టాలు మాత్రం విమానంలోనే ఉండిపోతాయి. రెండు ఏడెన్లున్న చిన్న యుద్ధవిమానం నాట్‌లో ఆ చోటు లేదు, 1965 యుద్ధంలో దాని ఫిరంగులు జామవడం పైలట్లను బాగా ఇబ్బంది పెట్టింది.

రివాల్వర్ ఒక్కటే దారి అనుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఇంజనీరు కార్ల్ గాస్ట్ రెండు గొట్టాలను జతకట్టి, ఒకటి పేలిన బలంతో రెండోదాని యంత్రాంగం ఆడేలా చేశాడు. రష్యన్లు ఆ సూత్రాన్నే జి.ఎస్.హెచ్-23లో వాడారు. బరువు 50 కిలోలు, వేగం నిమిషానికి 3,000 పైన. 1971లో మన మిగ్-21లు పొట్ట కింద తగిలించిన పాడ్‌ (పెట్టె)లో మోసుకెళ్లింది దాన్నే.