ముందు ఏమీ లేకపోయినా రోబో తిరిగిపోతోందా? బ్యాటరీ చూడండి

అడ్డు కనబడితే పక్కకు తిరిగే మీ రోబో బండిలో మోటార్లు ఆపి ఉంచితే, శబ్దపు ప్రతిధ్వనితో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్ దూరం సరిగ్గానే చెబుతోంది, అవి తిరగడం మొదలవగానే ఆర్డునో (రోబోను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు) రీసెట్ అవుతోంది, ఒక్కోసారి ఖాళీ చోట కూడా బండి పక్కకు తిరుగుతోంది అన్నారు కదా. ఇవి రెండు వేర్వేరు సమస్యలండీ.

రీసెట్‌కు కారణం దాదాపుగా ఆ చదరపు 9 వోల్టుల బ్యాటరీయే. అది పొగ అలారానికి సరిపోతుంది గానీ రెండు మోటార్లు ఒకేసారి లాగే కరెంటు ఇవ్వలేదు. వోల్టేజ్ పడిపోతుంది, బోర్డు మళ్లీ మొదటికొస్తుంది. పైగా మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డే సుమారు 2 వోల్టులు తినేస్తుంది. రెండు 18650 లిథియం సెల్స్ సిరీస్‌లో పెట్టండి, 7.4 వోల్టులు వస్తాయి. వాటిని షార్ట్ కానివ్వకండి, మంటలు లేస్తాయి. డ్రైవర్ గ్రౌండ్, ఆర్డునో గ్రౌండ్ కలిపారో లేదో కూడా చూడండి. నేనూ ఓసారి అది మర్చిపోయి రాత్రంతా కోడ్‌ను తిట్టుకున్నాను! ప్రతి మోటారు టెర్మినల్స్ మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ సోల్డర్ చేస్తే మోటార్ల వల్ల వచ్చే విద్యుత్ నాయిస్ తగ్గుతుంది.

ఇక ఉత్తుత్తి మలుపులు. ప్రతిధ్వని తిరిగి రాకపోతే, దానికి పట్టిన సమయం కొలిచే పల్స్‌ఇన్ ఫంక్షన్ 0 ఇస్తుంది. మీ కోడ్‌లో "20 సెంటీమీటర్ల కంటే తక్కువైతే తిరుగు" అని ఉంది, 0 కూడా తక్కువే కదా! 0 వస్తే దారి ఖాళీ అనుకోమని రాయండి. టైమ్‌అవుట్ (ప్రతిధ్వని కోసం ఆగే గరిష్ఠ సమయం) 30,000 మైక్రోసెకన్లు ఇవ్వండి, అది దాదాపు 5 మీటర్ల దూరానికి సరిపోతుంది. రీడింగ్‌కీ రీడింగ్‌కీ మధ్య 60 మిల్లీసెకన్లు ఆగి, మూడింటిలో మధ్య విలువ తీసుకోండి.

కర్టెన్లు, ఏటవాలు గోడలు మాత్రం ఈ సెన్సార్‌కు సరిగ్గా దొరకవు. వాటికి ముందు బంపర్ స్విచ్ ఒకటి పెట్టుకోవడమే మేలు.