వృద్ధాప్య పింఛను ప్రభుత్వం చూపే దయా, సమాజం బాధ్యతా?

బాధ్యతే: వృద్ధాప్యం, అనారోగ్యం, వైకల్యం, నిరుద్యోగం ఎదురైనవారికి ప్రభుత్వ సహాయం అందేలా చూడాలని రాజ్యాంగంలోని 41వ అధికరణ నిర్దేశిస్తోంది. అది ఆదేశిక సూత్రం, ఆర్థిక స్తోమతకు లోబడినది. కేవలం దాన్ని చూపి కోర్టులో పింఛను రాబట్టుకోలేం. అయినా పాలనకు అది మూలాధారమని 37వ అధికరణ స్పష్టం చేస్తోంది.

ఇందులో నైతికత ఎక్కడుందంటే, ఒకరి శ్రమ ఫలితం పదిమందికి చేరుతుంది, ముసలితనపు భారం మాత్రం ఆ ఒక్కరి మీదే పడుతుంది. గుంటూరు మిర్చి యార్డులో ఏళ్ల తరబడి టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసిన హమాలీని తీసుకోండి. రైతు సరుకు అమ్ముడుపోయింది, వ్యాపారి లాభం చూశాడు. హమాలీ కూలి ఏ రోజుకారోజు ఇంటి ఖర్చుకే సరిపోయింది, దాచుకోవడానికి మిగిలిందేమిటి? నడుము వంగాక అతనికి అందే నెలకు 4,000 రూపాయలను (2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అమలవుతున్న మొత్తం ఇది) భిక్ష అనడం అన్యాయం.

‘మా పన్నులతో వాళ్లు బతుకుతున్నారు’ అన్నది చాలామందికి ఉన్న అపోహ. ఆదాయపు పన్ను కట్టకపోయినా, సబ్బు కొన్నా చెప్పులు కొన్నా ఆ హమాలీ కూడా జీఎస్టీ కడుతూనే ఉన్నాడు.