వేసవి జర్నలిజం ప్రోగ్రామ్ కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా ఆయన జీతం చేతికి 62 వేలు వస్తుంది, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. పాప పదో తరగతి పరీక్షలు రాసింది. విలేకరి కావాలని దాని పట్టుదల. అమెరికాలో జులైలో జరిగే రెండు వారాల జర్నలిజం ప్రోగ్రామ్‌కు సెలెక్ట్ అయిందని మెయిల్ వచ్చింది. ఫీజు, విమానం, వీసా కలిపితే 7 లక్షలు. డిగ్రీ కోసం వేసిన ఎఫ్‌డీ 4 లక్షలు, సుకన్య ఖాతాలో 5 లక్షలు ఉన్నాయి. అవి తీయాలా, బంగారం పెట్టాలా?

జవాబు: ఈ ఏడాదికి రెండూ వద్దమ్మా.

సెలెక్ట్ అయిందన్న మెయిల్ రాగానే ఇంట్లో అందరికీ సంతోషం వేస్తుంది. కానీ ఆ ఫీజు ఎవరు కడుతున్నారో ముందు చూడండి. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో 2002లో మొదలైన వేసవి జర్నలిజం ప్రోగ్రామ్ విద్యార్థుల దగ్గర పైసా తీసుకోదు. అయితే అది అమెరికాలో చదువుతున్న తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలకే. మన పిల్లలకు ఎక్కువగా దొరికేవి ఫీజు కట్టి వెళ్లేవి. అవన్నీ మోసమని కాదు, పాఠాలు బాగా చెప్పేవీ ఉన్నాయి. కాకపోతే అక్కడ సెలెక్షన్ అంటే చాలాసార్లు సీటు అమ్మకమే. రేపు విలేకరి ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ అర్హత కూడా కాదు. డిగ్రీ అయినవాళ్లకు స్టయిపెండ్ ఇచ్చి మరీ నేర్పే ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటివి మనకే ఉన్నాయి.

ఇక డబ్బు సంగతి. పదో తరగతి పాసైతే సుకన్య ఖాతా నుంచి చదువు కోసం కిందటి మార్చి 31 నాటి నిల్వలో సగం వరకు తీసుకోవచ్చు. అంటే మీకు రెండున్నర లక్షల లోపే. ఇంత మంచి వడ్డీ, అదీ పన్ను లేకుండా దొరకడం కష్టం. రెండేళ్లలో డిగ్రీ ఫీజు కట్టాల్సినప్పుడు ఎఫ్‌డీతో పాటు అదీ అక్కరకొస్తుంది, రెండూ ముట్టుకోకండి. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్లు సాధారణంగా ఇంటర్ తర్వాతి చదువులకే. ఆ లోన్ వడ్డీ మీద పన్ను మినహాయింపు కూడా అంతే. మిగిలింది గోల్డ్ లోన్. ఏడాదికి 10 శాతం వేసుకున్నా 7 లక్షలకు వడ్డీయే 70 వేలు, మీవారి నెల జీతం కంటే ఎక్కువ. రెండు వారాల ప్రోగ్రామ్‌కు అది చాలా ఖరీదు.

విదేశాలకు డబ్బు పంపితే ముందే పన్ను కోస్తారని ఎవరైనా భయపెడితే కంగారు పడకండి. టీసీఎస్ అనే ఆ ముందస్తు పన్ను ఏడాదికి 10 లక్షల దాకా లేదు. ఏజెంటు దాన్ని టూర్ ప్యాకేజీగా అమ్మితే మాత్రం మొదటి రూపాయి నుంచే పడుతుంది. తర్వాత రిటర్నులో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. అసలు టెన్షన్ వీసాది. దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, అంటే 16 వేలు పైమాటే, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. పైగా వాళ్ల వేసవి సెలవుల్లో మన దగ్గర బడులు నడుస్తుంటాయి. పాపకు పదకొండో తరగతి మొదట్లోనే పాఠాలు పోతాయి.

వచ్చే ఏడాదికి దారి ఉంది. ఇలాంటి వాటిలో కొన్ని ఆదాయం చూసి ఫీజు తగ్గిస్తాయి. అడగాల్సింది సీటు ఖాయమయ్యాక కాదు, దరఖాస్తుతోనే. మీవారి ఫారం 16, ఐటీ రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంట్, ప్రిన్సిపాల్ ఉత్తరం ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టుకోండి. స్కూలు పాత విద్యార్థుల సంఘాన్నీ అడగండి, అడిగితే పోయేదేముంది? నెలకు 5 వేలు ఆర్‌డీ కడితే ఏడాదికి 60 వేలు పైచిలుకు చేతికొస్తుంది. ఫీజు మాఫీ వచ్చినా టికెట్‌కు ఆ డబ్బు పూర్తిగా చాలదు. ఆ లోటు మీ కుట్టుపని డబ్బుతో పూడ్చుకోగలిగితేనే పంపండి.

మాఫీ ఇచ్చేవాళ్లు ఆదాయంతో పాటు పిల్ల రాసిన కథనాలూ చూస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, సరిగ్గా పాప సెలవుల్లోనే. ఫిషింగ్ హార్బర్‌కు మీరూ తోడు వెళ్లండి. ఆ రెండు నెలలూ బోటు కూలీల ఇల్లు ఎలా గడుస్తోంది, చేపలు అమ్ముకునే ఆడవాళ్లు ఏం చేస్తున్నారు అని అడిగి తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి రాయమనండి. దీనికయ్యేది బస్సు చార్జీలు, ఒక నోటుబుక్కు.

ఈలోగా మెయిల్ పంపినవాళ్లను రెండు సంగతులు అడగండి: ఆదాయం చూసి ఫీజు ఎంత తగ్గిస్తారు, వీసా రాకపోతే డిపాజిట్‌లో ఎంత వెనక్కి ఇస్తారు? జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా రూపాయి కూడా పంపకండి.