ట్రైనింగులు అయ్యాయి, మరి నేర్చుకోవాల్సింది ఎవరు?

ప్రశ్న: ఆదోని వైపు ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ట్రైనింగులు, నెలనెలా రివ్యూలు, వాట్సాప్ గ్రూపులు అన్నీ ఉన్నాయి. అయినా ఏటా అవే ఊళ్లలో, అవే నెలల్లో పిల్లల టీకాలు వెనకబడతాయి. మళ్లీ ట్రైనింగ్ అంటున్నారు. మా వాళ్లు ఇంకా ఏం నేర్చుకోవాలండీ?
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: మీ వాళ్లకు కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదమ్మా, నేర్చుకోవాల్సింది పైవాళ్లు. ‘అవే నెలలు’ అన్నారు కదా, అవి సుగ్గి (కూలి పనులకు వలసపోయే) నెలలే అయి ఉంటాయని నా అంచనా. కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల్లో ఇంటికి తాళం వేసి, చంటిపిల్లలతో సహా గుంటూరు వైపు పత్తి తీయడానికో మిరప కోయడానికో పోతారు. ఎవరు ఏ మేస్త్రీ వెంట ఏ ఊరికి పోయారో మీ ఆశా కార్యకర్త నోటికి చెప్పేస్తుంది. కానీ రిజిస్టర్లో ‘ఊళ్లో లేరు’ అని రాశాక ఆ బిడ్డను ఇక ఎవరూ వెతకరు.

పోలియో చుక్కల వాళ్లకూ ఇదే చిక్కు వచ్చింది. పిల్లలందరికీ వేసిన ఇంటి గోడ మీద ‘పీ’, ఎవరైనా మిగిలితే ‘ఎక్స్’ అని సుద్దతో రాసేవాళ్లు, మీరూ రాసే ఉంటారు. ఎక్స్ ఇళ్లకు మళ్లీ పోవడమే కాదు, ఎందుకు మిగిలారో కనుక్కున్నారు, దాన్ని బట్టి ప్లానే మార్చి ఇటుక బట్టీలకు, బస్టాండ్లకు, రైల్వే స్టేషన్లకు టీములు పంపారు. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో వచ్చింది. (2010లో వచ్చిన కొత్త రకం చుక్కల మందూ ఒక కారణమే, అంతా ఈ వెతుకులాట మహిమే అనను.)

ట్రైనింగ్ సంగతికొస్తే బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ అనుభవం చూడండి. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు కలిపి విరేచనాలైన బిడ్డకు తాగించమని ఇంటింటికీ నేర్పారు. తల్లులు పాఠంలా అప్పజెప్పారు గానీ తాగించినవాళ్లు తక్కువ. ఆరా తీస్తే, నేర్పే కార్యకర్తలే తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారు! అప్పుడు తల్లులను తప్పు పట్టకుండా, ఆ నీళ్లు ఒంట్లో ఎలా పనిచేస్తాయో ముందు కార్యకర్తలకు నమ్మకం కలిగేలా చెప్పారు, ఇళ్లలో మగవాళ్లతోనూ మాట్లాడారు. వాడకం పెరిగింది.

మీరూ వచ్చే మీటింగులో శాతాలు పది నిమిషాల్లో ముగించి, టీకా తప్పిన ఐదుగురు పిల్లల పేర్లు తీసి ఒక్కొక్కరి గురించీ ఆశాను ఎందుకని అడగండి. సుగ్గి అని తేలితే, బయల్దేరేలోపు గడువొచ్చిన టీకాలన్నీ వేసి, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) వెంట పంపి, వాళ్లు చేరే ఊరి ఏఎన్ఎంకు (టీకాలు వేసే నర్సుకు) పేర్లు ఫోన్లో చెప్పే పని ఒకరికి అప్పగించండి. నెల తర్వాత, తను చెప్పిన మాట వల్ల ఏం మారిందో ఆ ఆశాకు చెప్పండి, లేకపోతే రెండోసారి ఆమె నోరు విప్పదు.

ప్రశ్న: మాతృ మరణాల సమీక్షలో తప్పు ఎవరిదో తేల్చకపోతే ఎట్ల?
– అనంతపురం పాఠకుడు

జవాబు: తేలుస్తామని కూర్చుంటే కేస్‌షీట్లు దిద్దుకుంటారు తప్ప నిజం బయటికి రాదు. ఆలస్యం ఎక్కడ జరిగిందో అడగండి: ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలోనా, దారిలోనా, ఆస్పత్రి చేరాకనా? దారిలో అయితే నర్సును తిట్టి లాభం లేదు, బండి సంగతి చూడాలి. కావాలని చేసిన నిర్లక్ష్యమైతే దానికి వేరే విచారణ ఉంటుంది, రెండూ కలపొద్దు.