హోమ్ పేజీలో పోస్టు మొత్తం పెట్టాలా, నాలుగు లైన్లు పెట్టి ఆపాలా?

మీరు అడిగింది ఇదీ: వర్డ్‌ప్రెస్‌లో తెలుగు బ్లాగు ఉంది, కథలు, కవితలు, వంటలు కలిపి 80 దాకా పోస్టులున్నాయి, హోమ్ పేజీలో అన్నీ పూర్తిగా కనిపిస్తున్నాయి. ఒకరేమో నాలుగు లైన్లు చూపించి 'ఇంకా చదవండి' పెట్టమన్నారు, ఇంకొకరు అది చదివేవాళ్లకి విసుగన్నారు. పెడితే పాత పోస్టులన్నిటికీ పెట్టాలా అన్నది మీ రెండో ప్రశ్న.

నేను బ్లాగ్‌స్పాట్‌లో మొదలుపెట్టి తర్వాత వర్డ్‌ప్రెస్‌కి మారాను. రెండు పద్ధతులూ కొన్నేళ్లపాటు నడిపాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫీడ్‌లో (కొత్త పోస్టులు చదివేవాళ్ల రీడర్ యాప్‌లకి వాటంతటవే వెళ్లే దారి) పోస్టు మొత్తం ఇవ్వండి. హోమ్ పేజీలో పొడుగు పోస్టుల్ని కొంతవరకే చూపించండి. కానీ ఎక్కడ ఆపాలన్నది మీరే చూసుకోండి, సాఫ్ట్‌వేర్‌కి వదలొద్దు.

ముందు ఒక అయోమయం తీర్చాలి. వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో 'రీడింగ్' పేజీలో 'ఫుల్ టెక్స్ట్' (పోస్టు మొత్తం), 'ఎక్సర్ప్ట్' (కొద్ది భాగం) అని రెండు ఆప్షన్లుంటాయి. చాలామంది అక్కడ ఎక్సర్ప్ట్ నొక్కి, హోమ్ పేజీ ఏమీ మారలేదేమిటని తల పట్టుకుంటారు. అది ఫీడ్ కోసం పెట్టిన సెట్టింగ్. అంటే ఫీడ్లీ లాంటి రీడర్లలో మీ బ్లాగు చదివేవాళ్లకి ఎంత వెళ్లాలన్నది అక్కడ తేలుతుంది. హోమ్ పేజీ సంగతి థీమ్, అంటే బ్లాగు రూపాన్ని నిర్ణయించే డిజైన్, చూసుకుంటుంది. కొత్త బ్లాక్ థీమ్‌లైతే సైట్ ఎడిటర్‌లోకి వెళ్లి, పోస్టుల జాబితాలో కంటెంట్ బ్లాక్ ఉందో ఎక్సర్ప్ట్ బ్లాక్ ఉందో చూడాలి. కావలసింది అక్కడ మార్చుకోవచ్చు.

ఇక అసలు విషయం. మీరేమీ రాయకుండా ఎక్సర్ప్ట్ పెడితే వర్డ్‌ప్రెస్ మామూలుగా మొదటి 55 పదాలు తీసుకుని చివర మూడు చుక్కలు పెడుతుంది. వాక్యం పూర్తయిందా లేదా అన్నది దానికి పట్టదు. మనకి క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి దెబ్బ కాస్త గట్టిగానే తగులుతుంది. 'శ్రీరామనవమి పందిట్లో పానకంలో మిరియాలు ఎన్ని వేయాలన్నదాని మీద మా పెదనాన్నా మా మేనమామా ప్రతి ఏడూ' అని ఆగిపోతే, వాళ్లు పోట్లాడుకున్నారా, పందెం వేసుకున్నారా, మాట్లాడుకోవడం మానేశారా తెలియదు. ఇది నయం, కనీసం కుతూహలమైనా పుడుతుంది. మన బ్లాగుల్లో సగం పోస్టులు ఎలా మొదలవుతాయో మీకు తెలియనిది కాదు. 'అందరికీ నమస్కారం. బ్లాగులో రాసి చాలా రోజులైంది. ఆఫీసు పని, పిల్లల పరీక్షలు, ఊరి ప్రయాణం…' ఆ క్షమాపణలతోనే 55 పదాలూ ఖర్చయిపోతాయి. అలాంటి ఐదారు పోస్టులు హోమ్ పేజీలో వరసగా ఉంటే కొత్తగా వచ్చినవాళ్లకి ఒక్కదాంట్లోనూ ఏముందో అంతుపట్టదు.

కవితలకైతే ఇంకో నష్టం. ఆటోమేటిక్ ఎక్సర్ప్ట్ ఫార్మాటింగ్ అంతా తీసేస్తుంది. బొమ్మలు పోతాయి, పేరాలు పోతాయి, లైన్ బ్రేకులూ పోతాయి. మీరు పాదాలుగా విరిచి రాసుకున్న కవిత వచనంలాగా ఒకే ముద్దగా కనిపిస్తుంది. పద్యమైతే చెప్పనే అక్కర్లేదు, యతి స్థానం ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకే కవితల్ని ఆపొద్దు, మొత్తం చూపించండి. పదిహేను పాదాల కవిత కోసం ఇంకో పేజీకి వెళ్లమనడం నాకైతే మర్యాదగా అనిపించదు.

పొడుగు పోస్టులకి మంచి దారి 'మోర్' బ్లాక్. ఎడిటర్‌లో మీకు నచ్చిన చోట పెడితే హోమ్ పేజీలో అక్కడిదాకా ఫార్మాటింగ్‌తో సహా కనిపిస్తుంది, ఆ కింద లింకు వస్తుంది. థీమ్ పూర్తి కంటెంట్ చూపించే రకమై ఉండాలి, మీది ఎలాగూ అదే. ఇందులో ఇంకో సుఖం ఏమిటంటే, సెట్టింగ్ ఫుల్ టెక్స్ట్‌లో ఉంటే, మోర్ పెట్టినా ఫీడ్‌లో మాత్రం పోస్టు మొత్తం వెళ్తుంది. బ్లాగర్‌లో (బ్లాగ్‌స్పాట్) ఇదే పని 'జంప్ బ్రేక్' చేస్తుంది. అక్కడ ఫీడ్‌కి కూడా 'జంప్ బ్రేక్ వరకు' అని విడిగా ఒక ఆప్షన్ ఉంటుంది, అది పొరపాటున ఆన్‌లో ఉందేమో చూసుకోండి. అక్కడి కాంటెంపో లాంటి థీమ్‌లైతే హోమ్ పేజీలో ఎలాగూ ముక్కే చూపిస్తాయి.

ఎక్కడ ఆపాలి? దినపత్రికల్లో 'మిగతా 5వ పేజీలో' అని పెట్టేటప్పటికి అసలు సంగతి మొదటి పేజీలోనే చెప్పేసి ఉంటారు కదా, అలాగన్నమాట. గోంగూర నిల్వ పచ్చడి పోస్టైతే, ఇది ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, ఎండుమిర్చితోనా పచ్చిమిర్చితోనా అన్నది పైన ఉండాలి. కొలతలు, విధానం లోపల ఉన్నా ఫర్వాలేదు. కథైతే ఒక మనిషి, ఒక చిక్కు కనిపించేదాకా ఆపకండి. సస్పెన్స్ కోసం మాట మధ్యలో తుంచడం వారపత్రిక సీరియల్‌కి చెల్లింది. వారం తర్వాత మళ్లీ ఆ పత్రికే కొనాలి కాబట్టి చెల్లింది. ఇక్కడ పక్కనే ఇంకో వంద ట్యాబులున్నాయి.

హోమ్ పేజీలో అన్నీ పూర్తిగా పెడితే వచ్చే చిక్కు మొదట్లో తెలియదు, పోస్టులు పెరిగాక తెలుస్తుంది. గూగుల్‌లో ఎవరో ఒక వంటకం పేరు వెతికి వస్తారు. ఆ పేరు మీ హోమ్ పేజీలోనూ పూర్తిగా ఉంటుంది కాబట్టి ఒక్కోసారి గూగుల్ అక్కడికే పంపిస్తుంది. ఈలోగా మీరు కొత్తవి నాలుగు రాశారు, ఆ వంటకం రెండో పేజీకి జారిపోయింది. వచ్చినవాళ్లు కాసేపు కిందికీ పైకీ స్క్రోల్ చేసి వెళ్లిపోతారు. కేటగిరీ పేజీలతోనూ ఇదే తంటా. ఇంకొకటి, ఏ పోస్టు ఎంతమంది చదివారో స్టాట్స్‌లో తేలదు. అన్నీ హోమ్ పేజీ ఖాతాలోనే పడతాయి.

అటు 'ఇంకా చదవండి' వల్ల నష్టం లేదా అంటే ఉంది. మా పిన్ని ఆ లింకుని ప్రకటన అనుకుని నొక్కేది కాదు, నేను అంత చిన్న చిన్న పోస్టులు రాస్తున్నానేమిటా అనుకునేదట. మీ పాఠకుల్లో పెద్దవాళ్లు ఎక్కువైతే లింకు అక్షరాలు పెద్దగా పెట్టండి. 'ఇంకా…' అని కాకుండా 'ఈ కథ పూర్తిగా చదవండి' అని స్పష్టంగా రాయండి. మోర్ బ్లాక్‌లోనే ఆ మాట మార్చుకోవచ్చు.

ఫీడ్ మాత్రం పూర్తిగా ఇవ్వమని ఎందుకంటున్నానంటే, కూడలి, హారం, మాలిక లాంటి సంకలినుల (చాలా బ్లాగుల కొత్త పోస్టుల్ని ఒకచోట చూపించే సైట్ల) రోజుల్లో పోస్టు పేరు, మొదటి రెండు మూడు వాక్యాలు చూసి బ్లాగుకి వచ్చేవాళ్లు. 2013 జూలై 1న ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్ మూతపడ్డాక ఫీడ్ చదివేవాళ్లు బాగా తగ్గారు. ఇప్పటికీ ఫీడ్‌లో చదువుతున్నవాళ్లు నిజంగా చదివే మనుషులు, మీ కొత్త పోస్టు కోసం చూసేవాళ్లు. వాళ్లనే గుమ్మం బయట నిలబెట్టడం దేనికి?

కాపీ భయం ఉంటుందనుకోండి. నా పోస్టులు కూడా ఒక సైటు ఫీడ్ నుంచి బొమ్మలతో సహా ఎత్తుకుపోయేది. కొన్నాళ్లు ఫీడ్ కుదించి చూశాను. ఆ సైటు ఆగింది గానీ, వాట్సాప్‌లో పేరు తీసేసి ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆగలేదు. వాళ్లు ఫీడ్ నుంచి కాదు, పేజీ నుంచి కాపీ చేస్తారు. కుదించినందువల్ల ఇబ్బంది పడింది మామూలు పాఠకులే. ఇప్పుడు పోస్టు మధ్యలోనే నా పాత పోస్టుల లింకులు ఇస్తున్నాను. ఫీడ్ నుంచి ఎత్తుకుపోతే చాలాసార్లు అవీ వెంట వెళ్తాయి.

ఈమెయిల్‌లో పంపిస్తుంటే మాత్రం ఒక హద్దు గుర్తుంచుకోండి. జీమెయిల్ దాదాపు 102 కేబీ దాటిన మెయిల్‌ని మధ్యలో కత్తిరించి, మిగతాది చూడ్డానికి లింకు ఇస్తుంది. అక్షరాల్ని కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ విడివిడిగా మూడేసి బైట్లు, 'కృ' లాంటిదానికి క, ఋత్వం కలిపి ఆరు. 'స్త్రీ'కి పద్దెనిమిది! మామూలు పోస్టులకి ఇబ్బంది లేదు, పెద్ద కథని మెయిల్లో మొత్తం పంపితే చిక్కు. అలాంటివాటికి కొంత భాగం, లింకు పంపడమే నయం.

ప్రకటనల కోసమైతే లెక్క వేరు. 2018లో గూగుల్ ప్రకటనల సేవ యాడ్‌సెన్స్ తెలుగుకి వచ్చాక పేజీ వ్యూల కోసం ప్రతిదాన్నీ ముక్కలు చేసే అలవాటు పెరిగింది. నాకు నచ్చదు, కానీ బ్లాగు మీద ఆదాయం చూసుకునేవాళ్లని తప్పు పట్టను. మీరు ప్రకటనల మాటే ఎత్తలేదు కాబట్టి దాని జోలికి పోవడం లేదు.

పాత 80 పోస్టుల సంగతి. అన్నిటికీ కూర్చుని మోర్ పెట్టక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ మామూలుగా హోమ్ పేజీలో 10 పోస్టులే చూపిస్తుంది. ముందు ఆ పదింట్లో పొడుగువాటికి పెట్టండి. తర్వాత స్టాట్స్ తెరిచి, వెతుక్కుని వచ్చేవాళ్లు ఎక్కువగా చదివే పోస్టులు చూసి, వాటికి ఎక్సర్ప్ట్ పెట్టెలో రెండు వాక్యాలు మీరే రాయండి. చాలా ఎస్ఈఓ ప్లగిన్లు (గూగుల్‌లో బ్లాగు బాగా కనిపించడానికి పెట్టుకునే అదనపు సాఫ్ట్‌వేర్) వాట్సాప్‌లో లింకు పంపినప్పుడు కనిపించే వివరణకి అదే వాడుకుంటాయి. మిగతావి ఎప్పుడైనా ఏదో ఒకటి దిద్దడానికి తెరిచినప్పుడు చేసుకోవచ్చు.